ఈడ దీపాల వేళ.. ఆడ మధ్యాహ్నం రెండున్నర

సైనికుడి ఇంట ఏడాది ఎదురుచూపు

గుడియాత్తం: సాయంత్రం ఆరు గంటలు. కోడలు దేవుడి పటం ముందు దీపం పెట్టి గోడ గడియారం వైపు చూసింది. దక్షిణ సూడాన్‌లో అప్పుడు మధ్యాహ్నం రెండున్నర. ‘అన్నం తిన్నాడో లేదో’ అనుకుంటూ వంటింట్లోకి వెళ్లింది. పది నెలలుగా ఆ ఇంట్లో రోజూ ఇదే వరస.

వేలూరు జిల్లాలో సైన్యంలో చేరడం చాలా ఇళ్లలో తండ్రి నుంచి కొడుక్కి వచ్చే పని. కణియంబాడి దగ్గరి కమ్మవాన్‌పేటకైతే సైనికుల ఊరనే పేరుంది. తరతరాలుగా తెలుగు మాట్లాడే ఈ కుటుంబంలోనూ మామ హవల్దారుగా రిటైరయ్యారు. కొడుకు ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో ఏడాది డ్యూటీకి వెళ్లాడు.

ముడుపు కట్టి..

కొడుకు బయలుదేరిన రోజే తల్లి పసుపు గుడ్డలో పదకొండు రూపాయలు మూటగట్టి వెంకన్న పటం ముందు పెట్టింది. వాడు తిరిగొచ్చాక కొండకు తీసుకుపోయి హుండీలో వేయాలని మొక్కు. పెరటాసి శనివారాల్లో ఇంటిల్లిపాదీ ఒక్కపొద్దు. నామం పెట్టుకుని, చెంబు పట్టుకుని ‘గోవిందా’ అంటూ వీధిలో బియ్యం అడగడం చిన్నప్పటి నుంచి కొడుకు వంతు. ఈసారి ఆ చెంబు ఎనిమిదేళ్ల మనవడి చేతికొచ్చింది. బడిలో తమిళం చదివే ఆ పిల్లాడికి రాత్రిపూట అవ్వ తెలుగు అక్షరాలు దిద్దిస్తోంది. నాన్న వచ్చేలోగా పేరు రాయడం నేర్చుకోవాలని వాడి పట్టుదల.

చెప్పని మాటలు

ఆ ఇంట్లో టీవీలో వార్తలు పెట్టరు. 2013 ఏప్రిల్‌లో దక్షిణ సూడాన్‌లోని జోంగ్లీ ప్రాంతంలో జరిగిన దాడిలో అయిదుగురు భారత సైనికులు చనిపోయారు. అదే ఏడాది డిసెంబరులో అకోబోలో మరో ఇద్దరు. అవి మామకు బాగా గుర్తు. సిగ్నల్ లేక నాలుగు రోజులు ఫోను రాకపోతే ఎవరూ పైకి ఏమీ అనరు. అత్త మాత్రం దీపంలో ఇంకాస్త నూనె పోస్తుంది.

షుగరు వల్ల కాలి పుండు ముదిరి ఆమె ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆ సంగతి కొడుక్కి చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఓ ఆదివారం ఫోనులో మనవడే బయటపెట్టేశాడు: ‘‘నాయనా, అవ్వ కాలికి కట్టు కట్టినారు!’’

అవతల కాసేపు మాట లేదు. ‘‘నాకూ మలేరియా వచ్చి పోయిందిలేమ్మా. నువ్వు దిగులు పడతావని చెప్పలేదు’’ అన్నాడు కొడుకు. ఏడుస్తూనే నవ్వేసింది తల్లి. ఇకమీదట ఏదీ దాచకూడదని ఆ రోజే ఇద్దరూ మాట అనుకున్నారు.

‘‘కాపాడమని దేవుడికి ఒకసారి చెప్పినాం గదా. రోజూ అడిగేదేముంది?’’ అంటుంది కోడలు. ‘‘దీపం పెడితే ఆ పొద్దు గడిచినట్టు. మళ్లా రేపు.’’

ఇంకా రెండు నెలలు. ముడుపు మూట పటం ముందే ఉంది. కొండకు అయిదుగురం పోవాలని పిల్లాడు అప్పుడే లెక్క కట్టేశాడు.