గాలి ఆగిన తర్వాత

1989 నవంబరు 4న థాయిలాండ్‌లోని చుంఫోన్ తీరాన్ని ఒక తుఫాను ఊడ్చిపెట్టింది. పేరు గే. నేల తగిలాక నీరసించి చల్లబడాల్సింది, చల్లబడలేదు. అక్కడి భూభాగం బాగా సన్నం. దాన్ని దాటేసి, అండమాన్ సముద్రంలో దిగి, బంగాళాఖాతం మీద మళ్లీ బలం పుంజుకుంది. నవంబరు 8 రాత్రి నెల్లూరు జిల్లా కావలి దగ్గర ఒడ్డెక్కింది. గంటకు 230 కిలోమీటర్లు మించిన గాలి. కావలిని ఆనుకుని దక్షిణాన ఉన్న మండలమే బోగోలు. అక్కడి బిట్రగుంట రైల్వే కాలనీ, జువ్వలదిన్నె పల్లె, సముద్రం పక్కన సరుగుడు తోటలు, బకింగ్‌హాం కాలువ, అన్నీ ఆ గాలి దారిలోనే ఉన్నాయి.

మనం దాన్ని కావలి తుఫాను అంటాం. చుంఫోన్ వాళ్లకది గే. రెండు తీరాల వాళ్లూ ఒకరి ముఖం ఒకరు చూసి ఎరగరు, ఇద్దరి ఇళ్లూ కూల్చింది మాత్రం ఒకే గాలి. థాయిలాండ్ సింధుశాఖలో అది చూస్తుండగానే ముదిరిపోయింది. వేటకు పోయినవాళ్లకు వెనక్కి తిరిగే వ్యవధి దొరకలేదు. వందల మంది సముద్రంలోనే పోయారు. సముద్రగర్భ తవ్వకాల ఓడ ‘సీక్రెస్ట్’ తలకిందులైంది. అందులో ఉన్న 97 మందిలో ప్రాణాలతో బయటపడింది ఆరుగురు. వాళ్లకు దొరకని నాలుగు రోజులు మనకు దొరికాయి. ఉపగ్రహం కళ్లముందే ఆ సుడి మనవైపు నడుచుకుంటూ వచ్చింది.

మన దగ్గర 69 మంది చనిపోయారు. అంతకు పన్నెండేళ్ల కిందట, 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పోయినవాళ్లు అధికారిక లెక్కల్లోనే పది వేల దాకా. దివిసీమ లంక నేల, అక్కడ నీళ్లకు అడ్డు లేదు. ఇక్కడ తీరం తీరు వేరు. అయినా ఈ తేడా అంతా నేలది కాదు. దివిసీమ తర్వాతే తీరం పొడవునా తుఫాను షెల్టర్లు లేచాయి, ఇన్‌శాట్ ఉపగ్రహం వచ్చింది, హెచ్చరిక ఊళ్ల దాకా చేరే ఏర్పాట్లు జరిగాయి. దివిసీమలో పోయినవాళ్ల పుణ్యాన కావలి వైపు ఎందరో బతికారని నేను నమ్ముతాను. ఈ మాట తలచుకున్నప్పుడల్లా గుండె బరువెక్కుతుంది.

అయితే ఆ 69 అన్న లెక్క చూసి రాష్ట్రం ఊపిరి పీల్చుకుంది, తర్వాత మరిచిపోయింది. దివిసీమ పేరు చెబితే ఈనాటికీ ఒళ్లు జలదరిస్తుంది. కావలి తుఫాను ఎప్పుడొచ్చిందని జిల్లా దాటి అడిగితే చెప్పేవాళ్లు అరుదు. శవాల లెక్క తగ్గితే మన సానుభూతి కూడా తగ్గిపోతోంది. ఆ రాత్రి ఇరవై వేల దాకా ఇళ్లు దెబ్బతిన్నాయి, కూలిపోయాయి. లక్ష మంది నిలువ నీడ లేనివాళ్లయ్యారు. చావలేదు కాబట్టి వాళ్ల కథ వార్త కాలేదు.

బతికి బయటపడ్డమంటే ఏమిటో తెలియాలంటే తుఫాను మర్నాడు మత్స్యకారుల పట్టపుపాలెంలో ఒక వలను చూడాలి. ఇసుకలో సగం పూడి, సరుగుడు కొమ్మలకూ ముళ్లకంపలకూ చుట్టుకుని పడి ఉంటుంది. లాగితే చిరుగుతుంది, లాగకపోతే కుళ్లుతుంది. ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక్కో కన్నూ విడదీసుకోవాలి. పైతాడు ఒకచోట, బెండ్లు ఇంకొకచోట, సీసపు గుళ్లు ఎక్కడో. బాగుచేసినా ఆ వల మునుపటి బరువు ఓర్చదు. కొత్త వలకు అప్పు కావాలి, అప్పిచ్చినవాడికే చేపలు పోయాలి, వాడు చెప్పిందే ధర. ఒక్క రాత్రి గాలి ఆ కుటుంబాన్ని ఎన్నేళ్లు వెనక్కి నెట్టిందో ఏ నష్టం జాబితాలోనూ కనపడదు.

ఆడవాళ్ల నష్టం మరీ కనపడదు. వేట లేకపోతే గంపలో చేప లేదు. ఆరబెట్టిన ఎండుచేప తడిస్తే ఒక సీజను పెట్టుబడి బూజుపట్టి పోయినట్టే. పడవకు పరిహారం రాస్తారు, గంపకు రాయరు. ఉప్పునీళ్లు దూరిన బావి మళ్లీ తీపెక్కాలంటే వానలు రావాలి, అందాకా దూరం నుంచి బిందె మోసేదీ వాళ్లే.

దివిసీమకు ఆనాడు దేశమంతా కదిలొచ్చింది. మదర్ థెరిసా వచ్చారు. రామకృష్ణ మిషన్ ఇళ్లు కట్టించింది. ఆ ప్రాంత నాయకుడు మండలి వెంకటకృష్ణారావు పునరావాసమే తన పనిగా పెట్టుకుని ఏళ్ల తరబడి ఆ లంకల్లో తిరిగారు. పరామర్శ అంటే అది. వచ్చి, ఏడ్చి, వెళ్లిపోవడం కాదు, వచ్చి ఉండిపోవడం.

ఇప్పుడు హెచ్చరికల సంగతి చాలా మెరుగు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబరు 28న మొంథా వచ్చింది. సెల్‌ఫోన్లు ముందే మోగాయి, జనాన్ని ముందే తరలించారు. మొంథా తర్వాత మత్స్యకార కుటుంబాలకు ప్రభుత్వం 50 కిలోల బియ్యం ప్రకటించింది. మంచిదే, పొయ్యి వెలుగుతుంది. కానీ బియ్యంతో వల రాదు, ఇంజను రాదు. జువ్వలదిన్నెలో ఫిషింగ్ హార్బరు కట్టడం అంతకంటే మేలైన సాయమని నా అభిప్రాయం. గాలి లేచినప్పుడు పడవ కట్టుకోవడానికి ఒక చోటు ఉండటం ఎంత ధైర్యమో, తెప్పలు ఇసుక మీదికి ఈడ్చుకుని రాత్రంతా కాపలా కాసిన పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. అక్కడ లంగరు వేసుకునే వీలు చిన్న పడవలకూ దక్కాలి, పెద్ద బోట్లకే పరిమితం కాకూడదు.

సాయం చేసే గుణం మన జనానికి తక్కువేం కాదు. పులిహోర పొట్లాలు, దుప్పట్లు, పాత బట్టలు, మొదటి వారం లారీలకు లారీలు వస్తాయి. ఆ చేతులకు దండం. రెండో నెలకు ఒక్క లారీ రాదు. వడ్డీ మొదలయ్యేది, పిల్లాడి హాస్టలు ఫీజు గుర్తుకొచ్చేది, రాత్రి గాలి కాస్త జోరందుకుంటే పసివాళ్లు లేచి కూర్చునేది అప్పుడే.

తుఫాను ఈసారి ఏ ఊరి మీద పడుతుందో చెప్పలేం. నెల్లూరు తీరానికి మాత్రం నవంబరు, డిసెంబరు నెలలు ఏటా వస్తాయి. మీరు ఇవ్వదలచుకున్న దాంట్లో సగం మొదటి వారం ఇవ్వండి. మిగతా సగం దాచి, సంక్రాంతి వెళ్లాక పట్టుకెళ్లండి. పాలెంలో ఎవరి వల పోయిందో, ఏ అమ్మ గంప ఖాళీగా ఉందో అడిగి, వాళ్లకేం కావాలో వాళ్ల నోటితోనే విని, అది కొనిపెట్టండి.