గల్ఫ్ ప్రయాణికుల సామాను పరిమితి: ఒకే టికెట్టుతో వచ్చే తేడా

రాజమహేంద్రవరం: కోనసీమ, ఉభయ గోదావరి ప్రాంతాల నుండి ఉపాధి నిమిత్తం కువైట్, దుబాయ్, మస్కట్ తదితర గల్ఫ్ ప్రాంతాలకు వెళ్లేవారు మధురపూడిలో విమానమెక్కి హైదరాబాద్‌లో మరో సంస్థ విమానంలోకి మారే అవకాశం ఉంది. గల్ఫ్ విమానానికి 30 కిలోలు అనుమతి ఉన్నదన్న ధీమాతో పెట్టె సర్దుకున్నవారికి మధురపూడి కౌంటరులోనే 15 కిలోలకు మించిన బరువుపై అదనపు రుసుము పడవచ్చు. రుసుము కట్టలేనివారు పచ్చళ్లు, కాజాలు సాగనంపవచ్చిన బంధువుల చేతికి తిరిగి ఇవ్వక తప్పదు. ఈ ఇబ్బందికి మూలం చాలావరకు టికెట్టులోనే ఉంటుంది.

ఒకే టికెట్టుపై పలు విమాన సంస్థలలో ప్రయాణించేవారికి అంతర్జాతీయ వాయు రవాణా సంఘం (అయాటా) 302వ తీర్మానం వర్తిస్తుంది. 2011లో అమలులోకి వచ్చిన ఈ విధానం ప్రకారం సంస్థల నిబంధనలు ఒకే విధంగా ఉంటే వాటినే పాటిస్తారు. భిన్నంగా ఉంటే ప్రయాణంలో ప్రధాన భాగం నిర్వహించే సంస్థ నిబంధన చెల్లుతుంది. ప్రధాన సంస్థను గుర్తించేందుకు అయాటా ప్రపంచాన్ని మూడు మండలాలుగా విభజించింది. భారతదేశం మూడవ మండలంలోను, గల్ఫ్ దేశాలు రెండవ మండలంలోను ఉన్నాయి. సాధారణంగా ఒక మండలం నుండి మరొక మండలంలోకి మొదట దాటించే సంస్థే ప్రధాన సంస్థ. అంటే రాజమహేంద్రవరం–హైదరాబాద్–కువైట్ ప్రయాణంలో హైదరాబాద్ నుండి కువైట్‌కు తీసుకువెళ్లే సంస్థ పరిమితే మధురపూడి నుండి వర్తించాలి.

అయితే ఇది ఒకే టికెట్టుకు మాత్రమే. చౌకగా వస్తున్నదని దేశీయ ప్రయాణానికి ఒకటి, గల్ఫ్‌కు మరొకటి కొన్నట్లయితే అవి రెండు వేర్వేరు ఒప్పందాలు. మొదటి సంస్థకు రెండవ విమానంతో సంబంధం లేదు. సామానును హైదరాబాద్‌లో తీసుకుని మళ్లీ అప్పగించవలసి ఉంటుంది. ఆదా అయిందనుకున్న సొమ్ము అదనపు రుసుముకే చాలకపోవచ్చు. పరస్పర ఒప్పందం లేని సంస్థల మధ్య ఒకే టికెట్టు లభించదన్నది కూడా గమనార్హం.

అమెరికాకు వెళ్లే విద్యార్థుల విషయంలో పద్ధతి కొంత వేరు. ఆ దేశ రవాణా శాఖ 2012లో అమలులోకి తెచ్చిన నియమం మేరకు, అమెరికాలో మొదలయ్యే లేదా ముగిసే ప్రయాణానికి టికెట్టులోని మొదటి మార్కెటింగ్ సంస్థ ఏ నిబంధనను ఎంచుకుంటుందో అదే చివరి వరకు వర్తించాలి. అక్కడ సాధారణంగా మొత్తం బరువుకు బదులు పెట్టెల సంఖ్యను లెక్కిస్తారు.

సంస్థలు ప్రత్యేక నిబంధనలు ప్రకటించుకునే వీలున్నందున ఈ–టికెట్టుపై ప్రతి ప్రయాణ భాగం ఎదుట ముద్రించిన పరిమితిని సరిచూసుకోవాలి. "30 కె" అంటే 30 కిలోలు, "2 పి.సి." అంటే రెండు పెట్టెలు. కౌంటరులో వివాదం వస్తే చూపవలసిన ఆధారం ఆ కాగితమే. పరిమితి ఎంత ఉన్నా కోనసీమవాసులు ఎండు కొబ్బరిని పెట్టెలో పెట్టరాదు. నూనె అధికంగా ఉండి తనంతట తాను వేడెక్కి అంటుకునే స్వభావం వల్ల దానిని ప్రమాదకర వస్తువుల జాబితాలో చేర్చారు.

తిరుగు ప్రయాణంలో ఒకే టికెట్టు ఉన్నప్పటికీ సాధారణంగా హైదరాబాద్‌లో సామాను తీసుకుని కస్టమ్స్ తనిఖీ ముగించుకుని, మధురపూడి విమానానికి మళ్లీ అప్పగించాలి. అప్పుడు కూడా ఆ టికెట్టుపై ముద్రించిన పరిమితే చెల్లుతుంది.