కంటికి కనిపించని అక్షరాలు

బియ్యంలోని రాయి కంటికి కనిపిస్తుంది, ఏరి పారవేయవచ్చును. కంప్యూటరు ఫైళ్లలోని నియంత్రణాక్షరాలు కనిపించవు. ‘పంక్తి ముగిసినది’, ‘కొత్త పంక్తికి పొమ్ము’ అని యంత్రానికి చెప్పే సంకేతాలివి.

పి.సి.లో తయారైన పాఠ్య ఫైలులో ప్రతి పంక్తి చివరా ఇటువంటివి రెండుంటాయి. మెయిన్‌ఫ్రేమ్ వాడే ఎబ్సిడిక్ సంకేతావళిలో వాటి హెక్సాడెసిమల్ విలువలు 0డి, 25. కోబాల్ ఫైలులో రికార్డు పొడవు ముందే నిర్ణయమై ఉంటుంది గనుక వీటి అవసరం లేదు. పొరపాటున వెంట వస్తే ఒక గడిలోని సమాచారం పక్క గడిలోకి చొరబడుతుంది. పేర్ల మధ్య చిక్కుకున్న వాటికి మందు ఇన్‌స్పెక్ట్ రీప్లేసింగ్ ఆదేశం; వాటి స్థానంలో ఖాళీని, అనగా 40ని, నింపుతుంది.

అయితే మందు మితిమీరితే విషమే. 1955లో దేశపు తొలి డిజిటల్ కంప్యూటరుకు ఆశ్రయమిచ్చిన కలకత్తా నగరంలోనే నేనీ పాఠం నేర్చుకున్నాను. ఒకసారి జీతాల ఫైలును గడులు చూడకుండా మొత్తంగా శుద్ధి చేశాను. అందులో రూ.1,250ల కోత కాంప్–3 పద్ధతిలో 01 25 0డి అని మూడు బైట్లలో ఇమిడి ఉన్నది; చివరి ‘డి’ ఋణ గుర్తు. నా ప్రోగ్రాము దానిని 01 40 40గా మార్చివేసింది. గుర్తు చెల్లక, ఎస్0సి7 దోషంతో జీతాల లెక్క ఆగిపోయింది. అసలు ప్రతి భద్రంగా ఉన్నందున గండం గడిచింది.

కనుక ముందుగా రికార్డు నమూనాను చదవాలి. పేరు, చిరునామా వంటి అక్షర గడులనే శుద్ధి చేయాలి. సంఖ్యల గడులను తాకరాదు. శుద్ధికి ముందూ తరువాతా మొత్తాలను సరిచూడాలి. ఆ ఫైలులోని ప్రతి అంకె వెనుకా ఒక ఇంటి నెలసరి ఖర్చు ఉన్నది.