పాత ఇంట్లో బాత్రూమ్ మార్పులు: అపోహలు – వాస్తవాలు

పాత ఇంటి బాత్రూమ్ బాగుచేయిద్దామనగానే మాటలన్నీ టైల్స్ రంగు, కుళాయిల మోడల్ చుట్టూనే తిరుగుతాయి. ఊళ్లో ఉన్న అమ్మానాన్నల కోసం పిల్లలు హైదరాబాద్ నుంచో అమెరికా నుంచో డబ్బు పంపి చేయించే పనుల్లోనూ అంతే. కానీ పదేళ్ల తర్వాత ఆ పెద్దవాళ్లు ఆ గదిని ఎవరి సాయం లేకుండా వాడుకోగలరా లేదా అన్నది తలుపు వెడల్పు, నేల మట్టం, గోడ బలం తేలుస్తాయి. ఈ మూడింటి సంగతీ టైల్స్ అతికించకముందే చూసుకోవాలి.

అపోహ: ‘‘ఇప్పుడందరం బాగానే ఉన్నాం. అవసరమొస్తే అప్పుడు చూద్దాం.’’

తుంటి ఎముక విరగడం, పక్షవాతం రావడం చెప్పి జరిగేవి కావు. ఆసుపత్రి నుంచి కొద్ది రోజుల్లోనే ఇంటికి పంపేస్తారు. బాత్రూమ్ పగలగొట్టి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, కొత్త టైల్స్ వేసేసరికి మాత్రం వారాలు పడుతుంది. ఆ వారాలన్నీ మంచం పక్కన బెడ్‌పానే గతి. ఎలాగూ గది పగలగొడుతున్నప్పుడే ఈ మార్పులు కలుపుకుంటే అదనంగా అయ్యే ఖర్చు తక్కువ.

అపోహ: ‘‘పాత దిమ్మె మీదే వెస్టర్న్ కమోడ్ కూర్చోబెడితే సరిపోతుంది.’’

చాలా ఇళ్లలో జరుగుతున్నదిదే. దిమ్మె తీయక్కర్లేదు, కింది పైపు కదపక్కర్లేదు, ఖర్చు కలిసొస్తుంది. మేస్త్రి చెప్పే ఈ లెక్క తప్పేమీ కాదు. అయితే మోకాళ్లు నొప్పులని కమోడ్ పెట్టించుకున్న మనిషి దాని దగ్గరికి వెళ్లాలంటే రోజుకు ఐదారుసార్లు తడి మెట్టు ఎక్కాలి. ఎక్కాక ఆ ఇరుకులోనే వెనక్కి తిరిగి కూర్చోవాలి. రాత్రి నిద్రమత్తులో దిగేటప్పుడు కాలికి నేల ఎక్కడ తగులుతుందో తెలియదు. కాబట్టి దిమ్మెను పూర్తిగా తీయించండి. సీటు ఎత్తు నేల నుంచి 18 అంగుళాల దాకా ఉంటే లేవడం తేలిక. కమోడ్‌ను మూలకు తోసేయకుండా, దాని మధ్యభాగం పక్కగోడకు 18 అంగుళాల దూరంలో ఉండేలా పెట్టించాలి. రెండోపక్క, సాయం పట్టే మనిషి నిలబడేంత చోటు వదలాలి.

అపోహ: ‘‘గడప తీసేస్తే నీళ్లు గదిలోకి వచ్చేస్తాయి.’’

నీటిని ఆపాల్సింది నేల వాలు. అడుగుకు పావు అంగుళం చొప్పున జాలీ వైపు వాలు ఇచ్చి, స్నానం చేసే చోటును తలుపుకు దూరంగా పెడితే గడప లేకపోయినా నీళ్లు బయటికి రావు. కింది అంతస్తులో బాత్రూమ్ నేలను గది మట్టానికి లేపడం సులువే. పై అంతస్తులో అయితే శ్లాబు ఆ బరువు మోస్తుందో లేదో ఇంజినీర్‌ను అడగాలి. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక జాలీ మూసి, నీళ్లు నింపి, గోడ మీద నీటిమట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీయండి. 48 గంటల తర్వాత మట్టం గీతకు బాగా దిగువకు పోయినా, కింద చెమ్మ కనిపించినా టైల్స్ పని మొదలుపెట్టనివ్వకండి.

తలుపు విషయంలో ‘రెండున్నర అడుగులుంది, చాలు’ అంటారు. గుమ్మం చెక్కలు, తలుపు మందం పోగా మిగిలే ఖాళీలో వీల్‌చైర్ పట్టడం కష్టం, వాకర్‌తోనూ ఇబ్బందే. అందరికీ అందుబాటు కోసం కేంద్రం 2021లో తెచ్చిన మార్గదర్శకాలు 900 మిల్లీమీటర్ల ఖాళీ వెడల్పు చెబుతున్నాయి. గుమ్మం పెంచితే పైన లింటెల్ కూడా పొడవు కావాలి. అందుకే ఇది మొదట్లోనే చేయాల్సిన పని. తలుపు బయటికి తెరుచుకోవాలన్నది మాత్రం నేను పట్టుబట్టి చెబుతాను. లోపల పడిపోయిన మనిషి తలుపుకు అడ్డంగా ఉంటే, లోపలికి తెరుచుకునే తలుపును బయటివాళ్లు తోయలేరు. గడియ కూడా బయటి నుంచి తీయగలిగేది పెట్టించండి.

యాంటీ స్కిడ్ టైల్స్ వేశాం కాబట్టి జారదన్న ధీమా కూడా వద్దు. సబ్బు జిడ్డు, ఉప్పునీటి తెట్టు పేరుకుంటే అవీ జారతాయి, వారం వారం రుద్ది కడగాల్సిందే.

అపోహ: ‘‘పట్టుకోవడానికి టవల్ రాడ్ ఉందిగా!’’

రెండు చిన్న స్క్రూల మీద నిలిచే ఆ రాడ్ తువ్వాలు బరువుకే. జారుతున్న మనిషి దాన్ని పట్టుకుంటే రాడ్డూ మనిషీ కలిసి కింద పడతారు. రబ్బరు కప్పుతో టైల్‌కు అతుక్కునే పిడులదీ అదే కథ. అమెరికా ప్రమాణాల ప్రకారం గ్రాబ్ బార్ 250 పౌండ్లు, అంటే దాదాపు 113 కిలోల బరువుకు తట్టుకోవాలి. ఆ బలం గోడలోంచి రావాలి. పాత సున్నపు గోడల్లో స్క్రూ పట్టు నిలవదు. కమోడ్ పక్కన, స్నానం చేసే చోట, నేల నుంచి 33–36 అంగుళాల ఎత్తున గోడను కొంతమేర తవ్వి, గట్టి కాంక్రీటు నింపించాలి. బార్లు ఇప్పుడే బిగించకపోయినా ఫర్వాలేదు. టైల్స్ వేయకముందు ఆ గోడలకు టేపు ఆనించి, కాంక్రీటు ఎక్కడుందో, పైపులు ఎక్కడ నడుస్తున్నాయో తెలిసేలా ఫోన్లో ఫొటోలు తీసి దాచండి. తర్వాత ఎప్పుడు బార్లు బిగించినా డ్రిల్లు నీళ్ల పైపులో దిగదు.