రెండు లావా పొరల మధ్య సముద్రం

రాజమండ్రి వెళ్లే దారిలో, దేవరపల్లి మండలం గౌరీపట్నం దగ్గర క్రషర్ల దుమ్ము కనిపిస్తుంది. 2022 దాకా ఈ మెట్ట పశ్చిమ గోదావరి జిల్లాలోదే. అక్కడి క్వారీల్లో కంకర కోసం కొట్టే నల్లరాయి ఒకప్పటి లావా. పడమటి దక్కను అగ్నిపర్వతాల నుంచి వందల కిలోమీటర్లు పారి, అప్పటి సముద్రతీరం దాకా వచ్చిందని భూగర్భ శాస్త్రజ్ఞుల అంచనా. వాళ్లు వెతుక్కుంటూ వచ్చేది మాత్రం ఆ నల్లరాయిని కాదు. కింది లావాకీ పై లావాకీ నడుమ ఇరుక్కున్న పలచటి సున్నపురాయి, బంకమట్టి పొరల్ని.

సున్నపురాయి చాలావరకు జీవుల గుల్లలు పేరుకుని ఏర్పడుతుంది. ఏ జీవి ఎంత లోతులో, ఎంత ఉప్పదనంలో బతుకుతుందో తెలిస్తే నాటి నీటి సంగతి తెలుస్తుంది. ఆల్చిప్పలు కుప్పగా ఉంటే అది నది మొగ, ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోటు. నీళ్లలో తేలుతూ బతికే ఫోరామినిఫెరా అనే ఏకకణ జీవుల సూక్ష్మ గుల్లలు దొరికితే బయటి సముద్రం అక్కడికి వచ్చిందన్నమాట. పాత నేల ఆనవాళ్లు కనిపిస్తే నీరు తప్పుకుని గాలి తగిలిందని. ఈ మూడూ గౌరీపట్నం పరిసరాల్లో ఉన్నాయి. పైగా ఫోరామినిఫెరా వయసు చెప్పే గడియారం కూడా: 2008లో భూగర్భ శాస్త్రజ్ఞురాలు గెర్టా కెల్లర్ బృందం ఆ పొరల్లో రాక్షసబల్లులు అంతరించిన వెంటనే పుట్టిన జాతుల్ని గుర్తించింది. అంటే సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి మాట.

అయితే రాయి చెప్పేది ఆ చోట నీరు ఎంత లోతుందన్నదే. సముద్రం పెరిగిందా, నేల కుంగిందా అన్నది రాయి ఒక్కటే చెప్పలేదు. చాలా వ్యాసాలు ఇక్కడే తొందరపడతాయి.

సముద్రం దిగకపోయినా ఒడ్డు జరగొచ్చనడానికి కొల్లేరు సరస్సునే చూడండి. 20 వేల ఏళ్ల క్రితం మంచుయుగంలో ప్రపంచ సముద్రమట్టం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు కిందుండేది. మంచు కరిగి, దాదాపు 6 వేల ఏళ్ల నాటికి ఇప్పటి మట్టానికి దగ్గరగా వచ్చింది. అప్పుడు కొల్లేరు ప్రాంతం తీరంలోని ఉప్పుకయ్యే. తర్వాత సముద్రం పెద్దగా దిగలేదు. ఒడ్డు మాత్రం దాదాపు 30 కిలోమీటర్లు దూరం జరిగింది. జరిపింది కృష్ణా, గోదావరి తెచ్చిన ఒండ్రు. ఇప్పుడు కొల్లేటి నీళ్లు సముద్రం చేరాలంటే ఉప్పుటేరే దిక్కు.

కోనసీమ కింద దీనికి తలకిందుల సాక్ష్యం ఉంది. చమురు బావుల్లో తగిలే భీమనపల్లి సున్నపురాయి ఈయోసీన్ యుగంలో లోతులేని సముద్రంలో పేరుకున్నది. ఇప్పుడది చాలా అడుగున ఉంది. అంత లోతుకు దించింది సముద్రం కాదు, మీద పడ్డ మట్టి బరువుతో కుంగుతూ వచ్చిన అడుగు నేల. అందుకే పరిశోధకులు ఒక క్వారీని నమ్ముకోరు. అదే వయసున్న పొరల్ని దూరదూరపు తీరాల్లోనూ చూసి, అన్నిచోట్లా ఒకేసారి నీరు లోతెక్కి ఉంటేనే సముద్రమట్టం పెరిగిందంటారు.