ముందు కవర్, తర్వాతే హీట్ పంపు

హైదరాబాద్ చుట్టుపక్కల మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌస్‌ల్లో, విల్లాల్లో ఈతకొలను కట్టించుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. నవంబరు దాటితే మాత్రం అందులో దిగేవాళ్లు తగ్గిపోతారు. డిసెంబరు, జనవరిలో పగలు 28 డిగ్రీల ఎండ ఉన్నా, రాత్రి గాలి 15కు, కొన్ని రోజులు అంతకన్నా కిందికి దిగుతుంది. కొలనులో నీళ్లు 20 డిగ్రీల దగ్గరుంటే కాలు పెట్టగానే ఒళ్లు జలదరిస్తుంది. పోటీల కొలనుల్లో నీళ్లు 25–28 డిగ్రీల మధ్య ఉండాలని అంతర్జాతీయ ఈత నిబంధన. పిల్లలూ పెద్దవాళ్లూ ఆడుకునే ఇంటి కొలనుకు 28 హాయిగా ఉంటుంది. ఈ ఎనిమిది డిగ్రీల తేడా పూడ్చడానికే హీట్ పంపు.

అమ్మేవాళ్లు యంత్రం ఎంత పెద్దదన్న దాని మీదే మాట్లాడతారు. నెల తిరిగేసరికి వచ్చే కరెంటు బిల్లును తేల్చేవి మాత్రం వేరే మూడు: కొలనుకు కవర్ ఉందా, యంత్రం ఏ వేళ నడుస్తోంది, దాన్ని ఎక్కడ పెట్టారు.

వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

గీజర్‌లాగా ఇది కరెంటుతో నీళ్లు కాచదు. ఏసీ గదిలోని వేడిని బయటికి తోసినట్టే, ఇది బయటి గాలిలోని వేడిని నీళ్లలోకి తోస్తుంది. ఫ్యాను లాగిన గాలి సన్నని రేకులున్న కాయిల్ మీదుగా పోతుంది. కాయిల్‌లో తిరిగే ఆర్32 వంటి ద్రవం చాలా చల్లగా ఉన్నప్పుడే మరుగుతుంది కాబట్టి 15 డిగ్రీల గాలి కూడా దాన్ని ఆవిరి చేయగలదు. ఆ ఆవిరిని కంప్రెసర్ నొక్కితే బాగా వేడెక్కుతుంది. ఆ వేడి టైటానియం గొట్టం గుండా, దాని చుట్టూ పారే కొలను నీళ్లకు చేరుతుంది. క్లోరిన్ రాగిని తినేస్తుంది, టైటానియంను ఏమీ చేయలేదు. అందుకే అంత ఖరీదైన లోహం వాడతారు.

కరెంటు ఖర్చయ్యేది వేడిని మోసుకురావడానికే. కాబట్టి ఒక యూనిట్ కరెంటుకు నాలుగైదు యూనిట్ల వేడి దక్కుతుంది. ఈ నిష్పత్తినే సీఓపీ అంటారు.

లెక్క వేసుకుందాం

8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.25 మీటర్ల లోతున్న కొలనులో 40 వేల లీటర్లు పడతాయి. వెయ్యి లీటర్లను ఒక డిగ్రీ పెంచాలంటే 1.16 యూనిట్ల వేడి కావాలి. ఈ కొలనును 20 నుంచి 28కి తేవాలంటే దాదాపు 370 యూనిట్లు. మామూలు ఎలక్ట్రిక్ హీటర్‌తో అయితే అంత కరెంటూ కాలాల్సిందే. సీఓపీ 5 ఉన్న హీట్ పంపుకు 74 యూనిట్లు చాలు. యూనిట్ 10 రూపాయలనుకుంటే 3,700 రూపాయల పని 740తో అయిపోతుంది.

ఇక సమయం. 16 కిలోవాట్ల వేడినిచ్చే యంత్రం ఏ నష్టమూ లేకుండా నడిచినా ఈ పనికి 23 గంటలు పడుతుంది. శుక్రవారం రాత్రి స్విచ్ వేసి శనివారం పొద్దున ఈదుదామంటే కుదరదు. మూడు నాలుగు రోజుల ముందే మొదలుపెట్టాలి. ఆ తర్వాత రోజూ పోయిన వేడిని పూడ్చుకుంటే చాలు.

కొనేముందు ఇంకో సంగతి చూడాలి. బ్రోచర్‌లో పెద్ద అక్షరాలతో కనిపించే సామర్థ్యం, సీఓపీ సాధారణంగా 26–27 డిగ్రీల తేమగాలికి కొలిచినవి. పక్కనే చిన్న అక్షరాల్లో 15 డిగ్రీల గాలికి కొలిచిన అంకె కూడా ఉంటుంది. మన చలికాలపు ఉదయాలకు పనికొచ్చేది అదే.

ఆవిరితో పోయే వేడి

కొలను వేడి నేలలోకి ఇంకి పోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆరుబయటి కొలను పోగొట్టుకునే వేడిలో పెద్ద భాగం పైనుంచే, ఆవిరి రూపంలోనే పోతుంది. లీటరు నీరు ఆవిరైతే సుమారు 0.67 యూనిట్ల వేడిని వెంట తీసుకుపోతుంది. మన కొలను మట్టం రోజుకు 5 మిల్లీమీటర్లు తగ్గిందంటే 160 లీటర్లు పోయినట్టు. అంటే 107 యూనిట్ల వేడి. 16 కిలోవాట్ల యంత్రం ఆరేడు గంటలు నడిచి ఇచ్చినదంతా గాలిలో కలిసిపోయినట్టే. చలికాలపు పొడిగాలి ఈ నష్టాన్ని ఇంకా పెంచుతుంది.

నీటి మీద తేలే బబుల్ కవర్ ఈ ఆవిరిని చాలావరకు ఆపేస్తుంది. దిగే ముందు మాత్రం దాన్ని పూర్తిగా తీసేయాలి. తేలే కవర్ పిల్లలకు రక్షణ కాదు. దాని మీద కాలు వేస్తే నీళ్లలోకి జారి అడుగున చిక్కుకుంటారు. కంచె, గేటు అవసరం కవర్ ఉన్నా తీరదు.

యంత్రం నడపాల్సిన వేళ మధ్యాహ్నం. గాలి 28 డిగ్రీలున్నప్పుడు లాగడానికి వేడి ఎక్కువ దొరుకుతుంది, అదే కరెంటుకు ఎక్కువ ఫలితం వస్తుంది. ఇంటి మీద సోలార్ పలకలుంటే అవీ అప్పుడే బాగా పనిచేస్తుంటాయి. ఉదయం పదింటి నుంచి సాయంత్రం అయిదింటి దాకా హీట్ పంపు, పొద్దు వాలగానే కవర్. దీన్నే అలవాటు చేసుకోవాలి.

బిగించేటప్పుడు

మోటారు పక్కనే ఉంటుందని హీట్ పంపును పంపు గదిలో, నేలమాళిగలో పెట్టించేవాళ్లున్నారు. అలా చేస్తే అది వదిలిన చల్లగాలినే మళ్లీ పీల్చుకుంటూ, గంట గంటకూ చతికిలపడుతుంది. ఆరుబయట కాంక్రీట్ దిమ్మె మీద, రబ్బరు మెత్తలేసి పెట్టాలి. ఫ్యాను ముందు రెండు మూడు మీటర్లైనా ఖాళీ ఉండాలి. మిగతా వైపుల ఎంత జాగా వదలాలో కంపెనీ మాన్యువల్లో ఉంటుంది. పడకగది కిటికీ ఎదురుగా వద్దు. విశాఖలాంటి సముద్ర తీరంలో ఉప్పుగాలి కాయిల్ రేకుల్ని తినేస్తుంది కాబట్టి పూత ఉన్న రేకులు అడగాలి.

పైపుల వరుస మారకూడదు: ముందు మోటారు, తర్వాత ఫిల్టర్, ఆ తర్వాత హీట్ పంపు, చివర క్లోరిన్ కలిపే పరికరం. క్లోరిన్ ముందు కలిస్తే దాని ఘాటు నేరుగా యంత్రంలోకి పోతుంది. మూడు వాల్వులతో బైపాస్ పెట్టించుకుంటే నీటి ప్రవాహాన్ని సరిచేసుకోవచ్చు, రిపేరు వచ్చినా కొలను ఆగదు. మోటారు నడవకపోతే హీట్ పంపు తనంతట తానే ఆగిపోతుంది, కాబట్టి రెండింటి టైమర్లూ కలవాలి. బోరు నీళ్లు గట్టివైతే లోపల తెల్లటి పొర కడుతుంది; పీహెచ్ 7.2–7.6 మధ్య ఉంచుకోవాలి.

కరెంటు దగ్గర ఆదా వద్దు. 16 కిలోవాట్ల యంత్రం సింగిల్ ఫేజ్ మీద సుమారు 14 ఆంపియర్లు లాగుతుంది. దానికి విడిగా వైరు, ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ ఉండాలి. నీళ్లున్న చోట ఆర్‌సీసీబీయే ప్రాణరక్ష. పొలాల్లో ఓల్టేజీ ఎక్కువ తక్కువలవుతుంటే స్టెబిలైజర్ కూడా కావాలి.

మొదటి రోజు పరీక్ష

యంత్రంలోకి పోయే నీటికీ, బయటికొచ్చే నీటికీ ఒకటి రెండు డిగ్రీల తేడా ఉంటే సరిగ్గా నడుస్తున్నట్టే. వచ్చే నీళ్లు కాగుతూ లేవని కంగారు పడొద్దు. తేడా మరీ ఎక్కువైతే నీటి ప్రవాహం చాలనట్టు. యంత్రం కింద నీళ్లు కారితే లీకేజీ అనుకోకండి. గాలిలోని తేమ చల్లటి కాయిల్ మీద నీరై కారుతుంది. అనుమానముంటే హీట్ పంపు ఆపి మోటారు ఒక్కటే నడపండి. కాసేపటికి కారడం ఆగితే అది తేమే, ఆగకపోతే ప్లంబర్‌ను పిలవండి.

డబ్బు చాలకపోతే చిన్న యంత్రం తీసుకోండి గానీ కవర్ మానకండి. చిన్న యంత్రంతో కొలను ఒక రోజు ఆలస్యంగా వేడెక్కుతుంది, అంతే. కవర్ లేకపోతే ఎంత పెద్ద యంత్రమైనా రాత్రి పోయిన వేడిని పగలు నింపడంతోనే సరిపెట్టుకుంటుంది, బిల్లు మీరు కడుతూ ఉంటారు.