ఇంట కాచిన యవసుర

చంటిబిడ్డకు అన్నప్రాశనమైన కొంతకాలమునకు మన ఇండ్లలో పెద్దలు చోళ్ళను నానవేసి, తడిగుడ్డలో మూటగట్టి, తెల్లని మొలకలు తలలెత్తిన పిమ్మట నీడను ఆరబెట్టి, పిండి విసరి, ఆ పిండితో జావ కాచి పట్టుట ఎరుగని తెలుగువారుండరు. మొలకెత్తని చోళ్ళ జావ కాగినకొలది చిక్కబడి గరిటెకు అంటుకొనును. మొలకెత్తిన చోళ్ళ జావయో పలుచగా జారుచు, చక్కెర వేయకయే నాలుకకు ఇంచుక తీపి తోచును. గింజ మొలకెత్తు సమయమున, తన గర్భమందలి పిండిని చక్కెరగా మార్చి పసిమొక్కను పోషించుకొనుటకై కొన్ని ఎంజైములను పుట్టించుకొనును. వానిలో మొట్టమొదట గుర్తింపబడిన డయాస్టేజును 1833లో పాయెన్, పెర్సో అను ఫ్రెంచి రసాయనవేత్తలు మొలకెత్తిన బార్లీ గింజలనుండియే వేరుచేసిరి. బిడ్డ త్రాగు జావకును, పాశ్చాత్యులు యవలనుండి, అనగా బార్లీనుండి, తీయు బీరునకును మూలమందున్న శక్తి ఇదియే.

ఆ బీరును కర్మాగారములకు వదలక, తమ వంటింటను, మోటారుకారు నిలుపుకొను కొట్టమునను, చేతికందిన పాత సామానులతో కాచుకొను సంప్రదాయమొకటి అమెరికాలో గత అర్ధశతాబ్దమున మిక్కిలి వృద్ధిపొందినది. అచట 1920 మొదలు 1933 వరకు మద్యనిషేధము సాగినది. అది తొలగిన పిమ్మట ఇంట ద్రాక్షాసవము చేసికొనుటకు అనుమతి లభించెను గాని, బీరు మాట శాసనమున చేరలేదు. బ్రిటనులో 1963లోనే లైసెన్సు నిబంధన తొలగినను, అమెరికా పౌరులు 1978 అక్టోబరు 14వ తేదీన అధ్యక్షుడు జిమ్మీ కార్టరు ఇంటిబీరునకు అనుమతినిచ్చు చట్టముపై సంతకము చేయువరకు వేచియుండవలసివచ్చెను. ఆ చట్టమును బట్టి, అమ్మకమునకు గాక సొంతవాడుకకై, ఒక్క వయోజనుడున్న ఇంట ఏడాదికి 100 గాలనులు, ఇద్దరుగాని అంతకెక్కువమందిగాని ఉన్న ఇంట 200 గాలనులు పన్ను లేకుండ కాచుకొనవచ్చును. రాష్ట్రములు వేరువేరుగా సమ్మతింపవలసియుండుటచే అలబామా, మిసిసిపీలలో 2013 వరకు ఈ స్వేచ్ఛ సిద్ధింపలేదు. మన తెలుగు రాష్ట్రములలోనన్ననో, 1968 నాటి ఎక్సైజు చట్టము క్రమమున, లైసెన్సు లేక మత్తుపానీయమేదియు తయారుచేయరాదు. ఇంట కాచుకొనుటయు నేరమే. కావున ఈ వ్యాసమున చెప్పబడునది విదేశమున చట్టసమ్మతముగా సాగుచున్న ఒక విద్యను గూర్చియేయని పాఠకులు గ్రహింతురుగాక.

కర్మాగారపు పాత్రలు వేల గాలనులవి; ఇంటివానికి కావలసినది 5 గాలనులకు, అనగా సుమారు 19 లీటర్లకు, సరిపడు సామగ్రి. అట్టి చిన్న సామగ్రి కొరతను ఇంట కాచువారు తీర్చుకొన్న తీరే నన్నెక్కువగా ఆకర్షించినది. నలగగొట్టిన మొలకబార్లీని వేడినీట కలిపి 65 మొదలు 68 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో గంటసేపు నిలుపవలెను. వేడి తగ్గినచో పానీయము నీరుగారి పలుచనగును. హెచ్చినచో పులియని చక్కెరలు మిగిలి బరువుగా, తియ్యగా ఉండును. మరియు హెచ్చినచో ఎంజైములే నశించును. పొయ్యిమీద గంటసేపు ఇట్టి నిలుకడ సాధించుట దుస్తరము. కావున విహారములకు పోవునప్పుడు మంచుగడ్డలు నింపుకొనిపోవు ప్లాస్టిక్ కూలరును వారు ఈ పనికి ఎన్నుకొనిరి. చలిని లోపల నిలుపు గోడలు వేడిమిని సైతము నిలుపును గదా! 73 డిగ్రీల నీటిని 5 కిలోల గింజపై పోసి కలిపినచో మిశ్రమము 67కు దిగును. మూతవేసి ఒక దుప్పటి కప్పినచో గంట గడచినను ఒకటి రెండు డిగ్రీలకు మించి తగ్గదు.

అడుగున జల్లెడ కావలెను. చేతులు కడుగుకొను బేసిను క్రింద, ఉక్కుతీగల అల్లిక తొడిగిన రబ్బరుగొట్టమొకటి కుళాయికి నీరు తెచ్చుచుండుట చూచియుందురు. దాని రెండు కొనలను కోసి, లోపలి గొట్టమును లాగివేసినచో అల్లిక మాత్రము బోలుగా, కుబుసమువలె చేతికి వచ్చును. ఒక కొనను మడిచి బిగించి, రెండవ కొనను కూలరు కుళాయికి తగిలించినచో చాలును. నిజమునకు వడపోయునది ఆ అల్లిక కాదు. గింజలపై పొట్టు అడుగున పేరుకొని తానే జల్లెడయగును, అల్లిక ఆ పొట్టును నిలుపును, అంతే. మొదట దిగిన రసము కుడితివలె మురికిగా ఉండును. దానిని మెల్లగా మరల పైన పోయగా, రెండు మూడు పర్యాయములకు తేనెరంగున తేటపడును. పిండి యావత్తు చక్కెరయైనదా లేదాయని తెలియుటకు, తెల్లని పింగాణీ సాసరులో ఆ రసమొక చుక్క పెట్టి, దానికి అయొడిను చుక్కను తాకించెదరు. పిండి మిగిలియున్నచో క్షణములో నల్లనిడాలు నీలము విచ్చుకొనును. లేకున్న అయొడిను రంగు అట్లే నిలుచును.

పిమ్మట ఆ రసమును హాప్స్ పూలతో గంటసేపు మరగింతురు. తీపికి ఎదురు నిలుచు చేదు ఆ పూలనుండియే దిగును. మరగిన రసమును త్వరగా చల్లార్చవలెను. లేకున్న గాలిలోని సూక్ష్మజీవులు, రసమును పులియజేయు ఈస్టుకంటె ముందుగా అందులో కాపురము పెట్టును. ఇందులకై 15 మీటర్ల రాగిగొట్టమును ఒక డబ్బా చుట్టు చుట్టగా చుట్టి, మరగు రసమున ముంచి, గొట్టములోపల చన్నీరు పారింతురు. అరగంటలో వేడి 20 డిగ్రీలకు దిగివచ్చును. రసమున స్వల్పముగా ఆమ్లగుణముండుటచే, కమిలి నల్లబడిన ఆ చుట్ట బయటకు తీయునప్పటికి, మన అవ్వలు చింతపండుతో తోమిన రాగిచెంబువలె తళతళలాడును. ఇది చూచినవారికి రసాయనశాస్త్రము వేరుగా బోధింపనక్కరలేదు.

ఈ చేతిపనియే కొందరిని పరిశ్రమకర్తలను గావించినది. అమెరికా నౌకాదళమున పనిచేసి, స్కాట్లండులో ఏల్ అను బీరు రుచి మరిగిన జాక్ మెకాలిఫ్ 1976లో కాలిఫోర్నియాలోని సొనోమాలో న్యూ ఆల్బియన్ అను చిన్న బీరుశాలను పాత డెయిరీ పరికరములతోను, శీతలపానీయపు పాకము వచ్చిన పీపాలతోను తానే నిర్మించెను. అది 1982లో మూతపడినను మార్గము చూపినది. కెన్ గ్రాస్‌మన్ వెల్డింగు నేర్చి, డెయిరీ తొట్లనే కూర్చి, 1980లో చికోపట్టణమున సియర్రా నెవాడా బీరుశాలను నెలకొల్పగా, అది నేడు ఆ దేశపు పెద్ద బీరుశాలలలో ఒకటి.

ఇక ఇంటివాని పనికి మరల వత్తము. చల్లారిన రసమున ఈస్టు చేర్చి మూత బిగించి, మూతకు అమర్చిన చిన్నగొట్టములో కొద్దిపాటి నీరు పోయుదురు. పులియునప్పుడు లోపల పుట్టు బొగ్గుపులుసు వాయువు బుడగలై ఆ నీటిగుండ వెడలును. బయటి గాలి లోనికి చొరదు. ఒకటి రెండు వారములలో బుడగల చప్పుడు అణగిన పిమ్మట, 19 లీటర్లకు 115 గ్రాముల చక్కెర చేర్చి సీసాలకెత్తుదురు. పులియుట ముగియకుండ తొందరపడి సీసాలకెత్తినను, చక్కెర హెచ్చుగా వేసినను, సీసాలు అర్ధరాత్రమున పగిలి గాజుపెంకులు గోడలకు గ్రుచ్చుకొనుట కలదు. కావున ద్రవసాంద్రత కొలుచు హైడ్రోమీటరు రెండుమూడు దినములు ఒకే అంకెపై నిలిచినగాని వివేకియైనవాడు సీసా ముట్టడు.

ఖాళీయైన పాత్ర అడుగున మీగడవలె తెల్లగా పేరుకొన్న ఈస్టును పారవేయరు. కోపెన్‌హేగనులో కార్ల్స్‌బర్గు ప్రయోగశాలయందు ఎమిల్ హాన్సెన్ 1883లో ఒక్క కణమునుండి శుద్ధమైన ఈస్టును పెంచుటకు పూర్వము, తరతరములుగా బీరు కాచినవారికి ఆధారము ఈ మడ్డియే. నేడును ఇంట కాచువారు దానిని గాజుసీసాలోనికెత్తి ఫ్రిజులో దాచుకొందురు. రాత్రిపూట పెరుగు తోడునకై గిన్నె పట్టుకొని పొరుగింటికి పోయినట్లు, ఈస్టు తక్కువైననాడు ఒకరి గుమ్మమునకొకరు ఖాళీసీసా పట్టుకొని పోవుదురు.